ఎదురొచ్చిన విమానం

నా పుట్టిల్లు రాయవరం. అక్కడ ఒకరి మొహం ఒకరికి నచ్చకపోతే ఆ సంగతి ఆ మొహం మీదే చెప్పేసి, తర్వాత ఇద్దరూ కలిసి టీ తాగుతారు. పెళ్ళయి ఈ తాటిగరువు వచ్చాకే తెలిసింది, మర్యాదతో కూడా మనిషిని ఓ మూల కూర్చోబెట్టొచ్చని. కాట్రేనికోన దాటి సముద్రం వైపు వెళ్తుంటే, కొబ్బరితోటలు అయిపోయి రొయ్యల చెరువులు మొదలయ్యే చోట ఉంటుంది మా ఊరు. ఇక్కడ దొడ్లోకి దూరిన కుక్కని కూడా ‘వెళ్ళమ్మా, వెళ్ళు’ అని సాగనంపుతారు. నేను అంగన్‌వాడీ టీచర్ని. పిల్లల్ని ఒకసారి ‘నోరు మూసుకోండ్రా’ అన్నందుకు ఈ ఊరి తల్లులు నన్ను ఇప్పటికీ గయ్యాళి కిందే జమకడతారు.

ఈ మర్యాద అందరికంటే ఎక్కువ రుచి చూసినవాడు మా పక్కింటి భీమరాజు. పేరు చూసి భారీ మనిషనుకునేరు. ఎదురుగాలిలో సైకిలు మీద వస్తుంటే ఆయన సైకిల్ని తొక్కుతున్నాడో, సైకిలే జాలిపడి ఆయన్ని మోసుకొస్తోందో తెలిసేది కాదు. తాగడు, ఒకరి జోలికి పోడు, కూలికి పిలిస్తే రానని అనడు. ఇన్ని సుగుణాలున్న మనిషికి ఊరు ఒకే ఒక్క లోపం పెట్టింది. ఆయన ఎదురు మంచిది కాదట.

దీనికి మూలపురుషుడు మా ఊరి పెద్ద గోవిందరాజులుగారు. ఆయనకీ ఆయన తమ్ముడికీ ఒక కొబ్బరితోట మీద తగువు. ఆ తోట తమ్ముడిదేనని అందులో మేసే మేకలకి కూడా తెలుసు. ఎప్పుడో ఓ పొద్దున్న ఈయన అమలాపురం కోర్టుకి బయల్దేరితే, వీధి మలుపులో కుర్రవాడైన భీమరాజు సైకిలు మీద ఎదురొచ్చాడు. కేసు పోయింది. కాగితాలు లేక పోయిందని ప్లీడరు చెప్పాడు గానీ, ప్లీడర్ల మాట ఎవరు నమ్ముతారు? ఆ తర్వాత ఒక పెళ్ళివారి వ్యాను కాలవ గట్టు మీంచి జారి బురదలో కూరుకుపోయింది. డ్రైవరు కునికిపాట్లు పడ్డాడు. కానీ అంతకుముందు భీమరాజు ఎదురయ్యాడు కదా! ఆ వ్యానుకి పాలవాడు ఎదురయ్యాడు, మా ఆయన ఎదురయ్యాడు, చెంబు పట్టుకుని నేనూ ఎదురయ్యాను. మమ్మల్ని ఎవరూ లెక్కలోకే తీసుకోలేదు.

ఇంకో ఊరైతే ఆయన్ని తిట్టేవారు, లేదా మొహం తిప్పుకునేవారు. మా ఊళ్ళో అలాంటి మోటుతనం లేదు. ముందు రోజు సాయంత్రం ఫోన్ చేస్తారు.

“భీమరాజుగారండీ, ఏవీ అనుకోకండి. పొద్దున్నే మా చరణ్ ఇంటర్వ్యూకి బయల్దేరుతున్నాడండి. తమరు ఓ పావుగంట కాస్త లోపలుంటే…”

“ఆయ్, అలాగేనండి. అబ్బాయిగారికి మంచి ఉద్యోగం రావాలండి.”

ఉద్యోగం వస్తే స్వీటు పొట్లం పట్టుకుని మరీ వచ్చేవారు. “అంతా మీ చలవేనండి. మీరు లోపలుండబట్టి కదండీ!” అనేవారు. ఆయన రెండు చేతులా అందుకుని కళ్ళకద్దుకునేవాడు. గోడకి ఇవతల నాకు ఒళ్ళు మండిపోయేది.

చివరికి పెద్దలంతా కలిసి ఆయనకి ఒక ఉద్యోగం కూడా చూశారు. ఊరికి దూరంగా, సముద్రం పక్కన రొయ్యల చెరువుల మీద కాపలా. తెల్లారకముందే వెళ్ళిపోవాలి, జనం బయల్దేరే వేళలన్నీ అయిపోయాక తిరిగి రావాలి. పేదవాడికి ఒక దారి చూపించామని ఇప్పటికీ చెప్పుకుంటారు. చెరువులో రొయ్యపిల్ల వదిలే రోజు మాత్రం ఆయన అక్కడ ఉండకూడదు, ఊళ్ళో ఉండాలి. ఆ రోజే ఊళ్ళో ఎవరైనా ప్రయాణం పెట్టుకుంటే ఎక్కడికి పోవాలో ఆయనే చూసుకోవాలి.

భీమరాజు కూడా తన వంతు మర్యాద తను చేసేవాడు. వీధిలో ప్రతి మలుపుకీ ముందు సైకిలు బెల్లు కొట్టేవాడు. ఆ బెల్లు వినబడితే గుమ్మం దిగబోయేవాళ్ళు ఆగిపోయి, మళ్ళీ లోపలికెళ్ళి మంచినీళ్ళు తాగి వచ్చేవారు. చెరువుల దగ్గర బెల్లు ఎవరికి వినబడుతుంది? అక్కడ భుజం మీది తువ్వాలు తీసి ఊపేవాడు. దూరంగా గట్టు మీద ఎవరైనా తన వైపు వస్తుంటే రెండు చేతులూ ఎత్తి ఊపడమే. నేనున్నాను, ఎదురు రాకండి, పక్క గట్టు ఎక్కండి అని దానర్థం. ఆ చుట్టుపక్కల చేపలవాళ్ళకీ మేత బస్తాలవాళ్ళకీ అందరికీ ఆ తువ్వాలు తెలుసు.

“మీకు కోపం రాదా అన్నయ్యగారూ?” అని నేను ఒకసారి గోడ మీంచి అడిగేశాను.

“కోపమెందుకండి టీచరుగారూ? తిట్టేరా, కొట్టేరా? గారూ అని పిల్చి మరీ చెప్పేరు కదండీ.”

నా బాధ ఊరితో కాదు. ఊరిని నేను రోజూ తిట్టుకుంటూనే ఉంటాను. ఆయన కూడా అది నమ్మేశాడు, అదీ నా బాధ.

ఆయనకి ఒక్కతే కూతురు, శాంతి. నా అంగన్‌వాడీలోనే అక్షరాలు దిద్దింది. ఆ పిల్ల పరీక్షకి వెళ్ళే ప్రతి పొద్దున్నా, కాలేజీలో చేరడానికి వెళ్ళిన రోజూ, నర్సింగు చదువుకి అమలాపురం హాస్టలుకి వెళ్ళిన రోజూ భీమరాజు వెనక గేదెల పాకలో కూర్చునేవాడు. ఆయన భార్య వీరాయమ్మే చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి కూర్చోబెట్టేది. ఆవిడ చెడ్డది కాదు. పిల్ల బాగుపడాలని దేవుడికి దండం పెట్టినట్టే మొగుణ్ణి పాకలో పెట్టేది. ఆటో చప్పుడు దూరమయ్యాక, ‘ఇంక రండి’ అని కేకేసేది. అలా ఆ మనిషి కూతురు ఇంటికి రావడమే గానీ, ఇంట్లోంచి వెళ్ళడం ఒక్కసారీ చూడలేదు.

ఇప్పుడు శాంతికి మస్కట్‌లో నర్సు ఉద్యోగం వచ్చింది. వెళ్తే మళ్ళీ రావడానికి ఎన్నాళ్ళో. ఆ కబురు చెప్పడానికి వచ్చిన సాయంత్రం భీమరాజు గోడ దగ్గర చాలాసేపు నిలబడ్డాడు.

“టీచరుగారండీ, మీరు చదువుకున్నారు కదా. వెనకనుంచి చూస్తే ఎదురు కాదు కదండీ?”

“ఎవర్ని చూస్తే?”

“మా పిల్లనండి. రోడ్డు దాకా వెళ్తుంటే ఎనకనుంచి చూద్దావని. ఈ ఒక్కసారికి.”

ఆ మాటకి నాకు ఏడుపొచ్చింది. ఎదురు లేదు, గాడిద గుడ్డూ లేదు, గుమ్మంలో నిలబడి చూడండి అని అరిచాను. ఆయన నవ్వాడు. నేను పైఊరిదాన్ని కాబట్టి నాకివన్నీ తెలియవని ఆయన నమ్మకం. వీరాయమ్మని అడిగాడట. “ముందైతేనేం, ఎనకైతేనేం, చూపు చూపే కదండీ. ఎందుకొచ్చిన అనుమానం?” అందట ఆవిడ.

విమానం దిగింది ఆ తర్వాతే.

ఎండలు ముదురుతున్న రోజులు. సముద్రం వైపు పొడుగ్గా ఉండే పెద్ద చెరువులో రొయ్యలు పట్టేసి, నీళ్ళు తోడేసి, అడుగు ఎండగట్టారు. మట్టి బీటలు తీసి గట్టిపడింది, ఓ చివర మాత్రం ఇంకా బురద. భీమరాజు మోటారు షెడ్డు నీడన కూర్చుని చద్దన్నం క్యారేజీ విప్పుకున్నాడు. సముద్రం మీంచి మోత వినబడి తలెత్తి చూశాడు. తెల్లగా, చిన్నగా, కొబ్బరిచెట్ల కంటే కాస్త పైన ఎగురుతూ ఒక విమానం. ఆయన చూస్తుండగానే అది గరగరమంది, దగ్గింది, చప్పుడు ఆగిపోయింది. ఆగిపోయి, ఏ మోతా లేకుండా ఒక చుట్టు తిరిగి, తిన్నగా ఆయన మొహంలోకి రావడం మొదలుపెట్టింది.

ఇంకొకడైతే పారిపోతాడు, లేదా దేవుణ్ణి తలుచుకుంటాడు. భీమరాజుకి అవేవీ తోచలేదు. ఎవరో పాపం ప్రయాణం మీద ఉన్నారు, తనకి ఎదురొస్తున్నారు. అంతే. గబగబా గట్టెక్కి, తువ్వాలు తీసి, రెండు చేతులా ఊపడం మొదలుపెట్టాడు. “నేనున్నానండీ! ఎదురు రాకండి! తప్పుకోండి బాబూ!” అని అరిచాడట కూడా. ఈ సంగతి ఆయన తర్వాత నా ఒక్కదానికే చెప్పాడు.

పైనున్నవాళ్ళకి ఈ భాష ఎలా తెలుస్తుంది? విమానం నడుపుతున్నది గాయత్రి అనే కాకినాడ అమ్మాయి. చూస్తే మా శాంతి కంటే నాలుగేళ్ళు పెద్దదేమో. కిందకి చూస్తే చెట్లున్న చోట చెట్లు, చెట్లు లేని చోట నీళ్ళు. ఎక్కడ దింపాలా అని ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని వెతుకుతుంటే, నీళ్ళు లేని ఒకే ఒక చెరువు, దాని గట్టు మీద తువ్వాలు ఊపుతూ ఒక మనిషి. ఎవరో చోటు తెలిసిన మనిషి ఇక్కడ దిగమని పిలుస్తున్నాడనుకుంది ఆ పిల్ల. తువ్వాలు ఎటు రెపరెపలాడుతోందో చూసి గాలి ఎటునుంచి వీస్తోందో తెలుసుకుంది. గాలికి ఎదురుగా తిప్పి దింపింది. విమానం బీటల మీద ఎగిరెగిరి పడుతూ పరుగెత్తి, చివర బురదలో చక్రాలు దిగబడి, ముక్కు నేలకి పొడిచి, తోక పైకెత్తి ఆగింది.

నేను అప్పుడు పిల్లలకి గుడ్లు వలిచి పెడుతున్నాను. నెత్తి మీద మోత వచ్చి హఠాత్తుగా ఆగిపోయేసరికి ఆయమ్మకి పిల్లల్ని అప్పగించి, ఊరితో పాటు పరుగెత్తాను. నేను వెళ్ళేసరికి కనబడ్డ దృశ్యం ఇప్పటికీ కళ్ళ ముందే ఉంది. విమానం తలుపు తెరిచి ఉంది. దాని వైపు భీమరాజు వెనక్కి వెనక్కి అడుగులేసుకుంటూ వెళ్తున్నాడు. లోపలున్నవాళ్ళకి మొహం కనబడకుండా వీపు చూపిస్తూ, “దెబ్బలేవీ తగల్లేదు కదండీ? ఓ చెయ్యిలా ఇవ్వండి, దింపుతాను” అంటున్నాడు.

లోపలినుంచి ముందు దిగింది ఆ విమానం యజమాని సుబ్రహ్మణ్యేశ్వరరావుగారు. రొయ్యల మేత వ్యాపారంలో పైకొచ్చి, తన చెరువుల్ని ఆకాశంలోంచి చూసుకోవాలని ముచ్చటపడి విమానం కొనుక్కున్న మనిషి. కాళ్ళు నేల మీద ఆనగానే ఆయన భీమరాజుని భుజాలు పట్టి ఇటు తిప్పి, మొహం చూసి, గట్టిగా వాటేసుకుని ఏడ్చేశాడు. ఈ లోపు నా పక్కన ఇద్దరు ఆడవాళ్ళు, “భీమరాజుగారు చూసుంటారండి పాపం, అందుకే పడిపోయింది” అని గుసగుసలాడుకున్నారు. తిడదామని నేను నోరు తెరిచేలోగా రావుగారు అందుకున్నాడు.

“ఈయన మొహం చూసేనండి, బతికేను! చావుకి ఎదురెళ్తుంటే ఈయన అడ్డొచ్చేరు. ఇలాంటి ఎదురు ఎవరికండి దొరుకుద్ది?”

అందరికంటే ముందు తేరుకున్నది గోవిందరాజులుగారే. “మా భీమరాజుగారు అంతేనండి. మొదట్నుంచీ అంతే” అన్నాడు. ఆ వెంటనే, విమానం కూలిన వాళ్ళని మా ఊరు అడగవలసిన మొదటి ప్రశ్న అడిగాడు. “తమరు టిఫిన్లు చేసేరా అండీ?”

కొబ్బరిబొండాలు వచ్చాయి. ఇడ్లీ పొట్లాలు వచ్చాయి. కుర్చీలు వచ్చాయి. గాయత్రికి బొండాం నేనే పట్టుకుని తాగించాను. ఆ సందట్లో నాకొక అనుమానం వచ్చి రావుగారిని అడిగాను.

“మరి పొద్దున్న బయల్దేరేటప్పుడు ఎదురెవరొచ్చారండీ?”

“అబ్బో, అదంతా పద్ధతి ప్రకారమేనమ్మా. ముహూర్తం పెట్టించేం. ఇద్దరు ముత్తయిదువుల్నీ, ఆవునీ దూడనీ ముందే ఏర్పాటు చేయించేం.”

ఈ మాట అందరూ వినాలని నేను ఊరి వైపు చూశాను. ఊరు ఇడ్లీలోకి చట్నీ సరిపోలేదని కంగారుపడుతోంది.

భీమరాజు మాత్రం గాయత్రి చుట్టూ తిరుగుతున్నాడు. దగ్గరికొస్తాడు, ఏదో అడగబోతాడు, ఎవరో ఫొటోకి లాగుతారు. చివరికి నేనే చెయ్యి పట్టుకుని ఆ పిల్ల ముందు నిలబెట్టాను.

“అమ్మా, ఇంజను ఎప్పుడాగిందండీ? నేను చూడకముందా, చూసేకా?” అని అడిగాడు.

ఆ పిల్లకి అర్థం కాలేదు. ఆయన్ని కంగారుపెట్టకూడదనుకుందో ఏమో, నెమ్మదిగా చెప్పింది. “సముద్రం మీద ఉండగానే ఆయిలు కారిపోవడం మొదలైందండీ. అప్పుడే ఇంక ఆగిపోతుందని నాకు తెలిసిపోయింది. మీరు కనబడకముందే ఆగింది. మీరు తువ్వాలు ఊపి పిలవకపోతే నేను ఏ చెట్ల మీదో పడేదాన్ని.”

ఇంతకంటే స్పష్టంగా ఎవరు చెబుతారు? హమ్మయ్య అనుకున్నాను. ఆ సాయంత్రం ఆయన గోడ దగ్గరికొచ్చి, ఆవిడ చెప్పినదాన్ని తిప్పి తిప్పి ఆలోచించానన్నాడు.

“ఆవిడికి నేను కనపడకముందే ఆగిందన్నారండి. నాకు ఆవిడ ముందే కనపడ్డారు కదండీ.”

తువ్వాలు సంగతి చెప్పింది కూడా అప్పుడే. పిలవలేదు, రావద్దన్నాను అన్నాడు. ఎవరికీ చెప్పకండని బతిమాలాడు. అబద్ధం చెప్పి బతికే మనిషి కాదు, కానీ ఊరంతా అంత సంబరంగా ఉంటే కాదని చెప్పడం మర్యాద కాదని ఊరుకున్నాడు.

ఆ మర్నాటి నుంచి ఫోన్లు మారాయి. ఫోన్లు చేసేవాళ్ళు మారలేదు.

“భీమరాజుగారండీ, ఏవీ అనుకోకండి. పొద్దున్నే మా కోడల్ని ఆస్పత్రికి తీసుకెళ్తున్నావండి. తమరు ఓ పావుగంట ముందొచ్చి మలుపులో ఉంటే…”

“ఆయ్, అలాగేనండి.”

తొలి బోణీ గోవిందరాజులుగారిదే. పోయిన కేసు మీద పైకోర్టుకి వెళ్ళి ఉన్నాడు. వాయిదాకి బయల్దేరుతూ భీమరాజుని ఎదురు రప్పించుకున్నాడు. కేసు మళ్ళీ వాయిదా పడింది. “ఓడలేదు కదండీ!” అని వీధంతా చెప్పుకుని మురిసిపోయాడు. రావుగారు విమానం జోలికి మళ్ళీ పోలేదు, రైలెక్కుతున్నాడు. ఆ రైలుకి కూడా భీమరాజు ఎదురు కావాలని కారు పంపిస్తున్నాడు. బురదలోంచి విమానాన్ని లారీ మీద పట్టుకుపోయారు. చెరువు యజమాని, ఇక మీదట పిల్ల వదిలే రోజున భీమరాజు గట్టు మీదే ఉండాలన్నాడు. బెల్లు మాత్రం మానేయమన్నారు. ముందే తెలిస్తే ఎదురు ఫలించదట, అనుకోకుండా వచ్చినట్టు రావాలట. అనుకోకుండా రావడానికి ఆయన మలుపులో సైకిలు దిగి, గంటలకొద్దీ కొబ్బరిచెట్టు చాటున నిలబడేవాడు.

“ఎలా ఉంది అన్నయ్యగారూ ఈ వైభోగం?” అన్నాను.

“అదే పనండి. అప్పుడు లోపల, ఇప్పుడు బయట.”

వీరాయమ్మ మారిన తీరు చూసి నాకు నవ్వూ వచ్చింది, సంతోషమూ వేసింది. శాంతి ప్రయాణం దగ్గరపడగానే ఆవిడ మొగుడికి కొత్త చొక్కా కుట్టించింది. “గుమ్మంలో నిలబడాలి కదా వదినగారూ, పిల్లకి ఆయనే ఎదురు” అని నాకు నాలుగుసార్లు చెప్పింది. ఆయన కోరుకున్నది రోడ్డు మలుపు దాకా వెనకనుంచి ఒక్క చూపు. ఇప్పుడు ఏకంగా ముందే నిలబెడుతున్నారు. ఇంకేం కావాలి?

బయల్దేరే రోజు పొద్దున్న వాళ్ళ ముంగిలి జనంతో నిండిపోయింది. గోవిందరాజులుగారు పెళ్ళిపెద్దలాగా కుర్చీ వేయించుకున్నాడు. భీమరాజు ఎక్కడ నిలబడాలో, ఎటునుంచి నడిచి రావాలో ముగ్గు పిండితో గీత గీయించాడు. కారు వచ్చింది. శాంతి తల్లిని పట్టుకుని ఏడ్చి, మొహం కడుక్కుంది. నిమ్మకాయ తెచ్చారు, కొబ్బరికాయ తెచ్చారు. తీరా చూస్తే ఎదురు రావలసిన మనిషి లేడు.

“ఇప్పుడే ఇక్కడే ఉన్నారండి!” అంటూ నలుగురూ వీధిలోకి పరుగెత్తారు. నాకు తెలుసు ఎక్కడుంటాడో. ఇంటి పక్కనుంచి వెనక్కి వెళ్ళాను. గేదెల పాకలో, ఎప్పుడూ కూర్చునే చోటే, కొత్త చొక్కాతో గడ్డి మీద కూర్చుని ఉన్నాడు.

“ఊరంతా మీకోసం వెతుకుతోంది. లేవండి.”

“నేను రానండి.”

“ఇన్నాళ్ళూ ఊరందరికీ ఎదురెళ్ళారు కదా!”

“ఆళ్ళడిగేరండి, ఎళ్ళేను. కాదంటే బాగోదు కదండీ. తేడా వస్తే ఆళ్ళ పని చెడుద్ది.” తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. “ఇది నా పిల్లండి టీచరుగారూ. దీనికి నేను రాలేను. ఆ విమానాన్ని నేను పిలవలేదు కదండీ. రావద్దని ఊపేను. ఆళ్ళు అదృష్టం బాగుండి బతికేరు. దీని విమానానికి ఏవన్నా అయితే?”

వెనక ఏదో చప్పుడైతే తిరిగి చూశాను. శాంతి. ఒక చేత్తో ఎర్ర సూట్‌కేసు పట్టుకుని, పాక గుంజ దగ్గర నిలబడి ఉంది. అంతా విన్నట్టే ఉంది.

“రావద్దని ఊపేవా నాన్నా?” అంది.

ఆయన గబుక్కున గోడవైపు తిరిగిపోయి, తువ్వాలు నెత్తి మీంచి కప్పుకున్నాడు. “నువ్వెందుకొచ్చేవమ్మా ఇటు? ముందునుంచెళ్ళు. ఎల్లమ్మా, టైమైపోతంది.”

“నేను ఇటునుంచే వెళ్తాను. అమ్మకి చెప్పేశాను.”

ఆ పిల్ల ఫోన్ తీసి, కారుని వెనక కాలవ వంతెన దగ్గరికి రమ్మని డ్రైవరుకి చెప్పింది. పాకలోకి వచ్చి, పేడలో సూట్‌కేసు దింపి, గేదె పక్కన నిలబడింది. “ఇటు తిరుగు నాన్నా.”

“వద్దమ్మా.”

“నువ్వు తిరిగేదాకా నేనిక్కణ్ణుంచి కదలను. ఫ్లైటు పోతుంది, ఉద్యోగం పోతుంది. అప్పుడెవరి వల్ల పోయినట్టు?”

భీమరాజు వీపు కదలకుండా ఉండిపోయింది. ముందు ఎదురొస్తే తన తప్పు, రాకపోయినా తన తప్పే. అవతల ముంగిట్లో గోవిందరాజులుగారు, “భీమరాజుగారండీ! వేళ మించిపోతందండీ!” అని అరుస్తున్నాడు. గేదె తాపీగా గడ్డి నములుతోంది. ఆయన మెల్లిగా తువ్వాలు తీశాడు. మెల్లిగా ఇటు తిరిగాడు. కళ్ళు మాత్రం నేల మీదే ఉన్నాయి.

“పైకి చూడు” అంది శాంతి.

చూశాడు. ఆ పిల్ల ఆయన మొహం వంక తృప్తిగా, కావలసినంత సేపు చూసుకుంది. నేను ఏడుస్తున్నానని నాకు తర్వాత తెలిసింది.

“వెళ్ళొస్తా నాన్నా” అని, తడిక తీసి కాలవ గట్టు ఎక్కింది.

ఆయన అడుగులో అడుగేసుకుంటూ తడిక దాకా వెళ్ళాడు. పాక దాటి కూతురి ప్రయాణాన్ని చూడడం ఆయనకదే మొదలు. కొబ్బరిచెట్ల మధ్య ఎర్ర సూట్‌కేసు కనబడుతూ, దాగుతూ పోతోంది. ముంగిట్లో ఊరంతా నిమ్మకాయ పట్టుకుని ఖాళీ గుమ్మం వైపు చూస్తూ నిలబడే ఉంది. నేను వెళ్ళి చెప్పలేదు.

వంతెన దగ్గర కారు ఎక్కబోతూ శాంతి వెనక్కి తిరిగి చూసింది. అప్పటికి ఆయన చెయ్యి దానంతటదే భుజం మీదికి పోయింది. తువ్వాలు తీసి, రెండు చేతులూ ఎత్తి ఊపుతున్నాడు.

“ఏంటి నాన్నా?” అని అక్కణ్ణుంచి అరిచింది ఆ పిల్ల. “రావద్దనా?”

అన్నేళ్ళుగా మలుపు మలుపునా బెల్లు కొట్టుకుని బతికిన ఆ మనిషికి అంత గొంతుందని ఊళ్ళో ఎవరికీ తెలియదు.

“కాదమ్మా! రమ్మని! మళ్ళీ రమ్మని!”